తాతయ్య మోకాళ్ళు

నిన్న స్కూటీ నేర్చుకుంటూ పడ్డాను. రిటైరైన టీచరమ్మకి ఇప్పుడీ సరదా ఎందుకని వీధంతా నవ్వింది. ఇంటికొచ్చి మోకాలికి టింక్చరు రాసుకుంటుంటే, ఆ ఘాటు వాసనకి మా తాతయ్య గుర్తొచ్చాడు.

యాభయ్యవ దశకం, తిరువూరు. నాకు ఏడేళ్ళు. తాతయ్య రోజూ పొద్దున్నే ఎటో వెళ్ళి, మోకాళ్ళు చెక్కుకుపోయి తిరిగొచ్చేవాడు. నాయనమ్మ టింక్చరు రాసేది. పెద్దవాళ్ళంటే అప్పటికే అన్నీ వచ్చేసినవాళ్ళనీ, నేర్చుకోవడం, పడటం పిల్లల పనులనీ నా నమ్మకం. అందుకే ఆయన్నెవరో కొడుతున్నారనుకున్నాను. ఒకరోజు వంటింట్లో అప్పడాల కర్ర తీసుకుని, వాళ్ళ పని పడదామని వెనకాలే వెళ్ళాను.

గంపలగూడెం రోడ్డు మీద, పంచె ఎగ్గట్టి, అద్దె సైకిలెక్కి తాతయ్య! చూస్తుండగానే ధబీమని పడ్డాడు. టీకొట్టు దగ్గర జనం పగలబడి నవ్వారు.

"ఈ వయసులో మీకెందుకండీ ఇదంతా?" అన్నాడొకాయన.

"పెనుగొలనులో మా అక్కని చూడాలన్నప్పుడల్లా ఎవరిదో బండి కోసం కాచుక్కూచోవాలా?" అని తాతయ్య మట్టి దులుపుకుని మళ్ళీ ఎక్కాడు.

ఈసారి పడలేదు. టీకొట్టు దాటి, చింతచెట్టు దాటి, పోతూనే ఉన్నాడు. "మా తాతయ్య! మా తాతయ్య!" అని అరుస్తూ, కర్ర గాల్లో ఊపుతూ వెనకాల పరిగెత్తాను.

అప్పుడాయనకి అరవై రెండు. ఇప్పుడు నాకు అరవై మూడు.

సీసా మూత బిగిస్తుంటే, మా మనవరాలు నా మోకాలి వంక కోపంగా చూసింది.

"నిన్నెవరు కొట్టారు నాయనమ్మా?"

"రా, చూపిస్తాను" అని స్కూటీ తాళాలు తీసుకున్నాను.