తలుపేసుకునే చీమలు

ఆర్మూర్ దగ్గర పసుపు ఉడికే ఆవిరిలో ఆ చేనంతా కలలా తేలుతోంది. బోలు పుల్లల్లో గూడు కట్టే అరుదైన చీమ కోసం వెళ్లాను. పొయ్యి ముందున్న రాజవ్వ ప్రతి కట్టెనూ నేలకు తట్టి, చీమలు దిగాకే మంటలో పెడుతోంది. కొన్నిటిని మాత్రం పక్కన పెట్టేస్తోంది.

"అవెందుకవ్వా?"

"గివి తడితే బయటికి రావు సారూ. తలకాయ అడ్డంవెట్టి తలుపేసుకుంటయి. ఇంట్ల ఉన్నోళ్లను కాలవెడ్తమా?"

భూతద్దంతో చూశాను. పుల్లకున్న చిన్న రంధ్రంలో బిరడాలా బిగిసిన తల. నేను వెతికే జాతే!

"చేతుల గా సీసా ఏంది సారూ?"

చీమను చంపి, పేరు తేల్చేదాకా పాడవకుండా దాచే స్పిరిట్ అది.

"నీళ్లవ్వా," అన్నాను.

"అయితే జర గా చీమలకు గూడ రెండు చుక్కలు పొయ్యుండ్రి. పొద్దటిసంది ఎండల ఉన్నయి."