మూడు సెట్లు

కథలాపూర్ పక్క ఊళ్లో గౌడ మల్లేశానికి మొండితనం లేదంటే ఎవరూ నమ్మరు. పదిహేడో ఏట తాటిచెట్టు ఎక్కడం మొదలుపెట్టినవాడు, నలభై ఏడో ఏట చెట్టు దిగుతూ జారాడు. రెండు నిలువుల ఎత్తే కాబట్టి ప్రాణం దక్కింది. మోకాలు, భుజం మాత్రం బాగా దెబ్బతిన్నాయి. కోరుట్ల డాక్టరు ఆర్నెల్లు చూసి, నయమైంది గానీ కండ కరిగిపోయింది, ముందు బలం తెచ్చుకుని అప్పుడు ఎక్కమని పంపేశాడు. ఆ బలం ఏ అంగట్లో దొరుకుతుందో ఆ మహానుభావుడు చెప్పలేదు.

కల్లు గీత సంఘంలో మల్లేశం వంతుకు ముప్పై చెట్లున్నాయి. అతను పడ్డప్పటినుంచీ వాటిని కుమార్ అనే కుర్ర గౌడు గీస్తున్నాడు. సంఘం పెద్ద రాజం మంచివాడే గానీ మాటంటే మాటే. కొత్త వంతులు పంచే రోజుకి మల్లేశం ఎక్కి చూపించాలి, లేకపోతే ముప్పై చెట్లూ కుమార్ పేరుకి మారతాయి. అది విన్నాక మల్లేశానికి అన్నం సయించలేదు. ఏ చెట్టుకి కల్లు ముందు పారుతుందో, ఏది అలిగి ఆలస్యం చేస్తుందో అతనికి ఇంట్లోవాళ్ల గుణాల్లా తెలుసు. వాటిని ఇంకొకరు గీస్తుంటే కింద నిలబడి చూడడం ఎంత కష్టమో చూసినవాడికే తెలుస్తుంది.

చేసేది లేక ఫోను పట్టుకున్నాడు. అందులో బలం గురించి చెప్పేవాళ్లకేం కొదవ! కండలు తిరిగిన ఒకాయన అన్నం విషమన్నాడు. మల్లేశం నాలుగు రోజులు అన్నం మానేసి, అయిదో రోజు కళ్లు తిరిగి బర్రెను కట్టేసే గుంజను వాటేసుకున్నాడు. భార్య శోభ ఆ రోజు తిట్టిన తిట్లు వాడకట్టంతా విన్నది. ఇంకొకాయన వీడియోలో సగంసేపు కండలు పెంచే పొడి డబ్బానే కనిపించింది. చివరికి జగిత్యాలలో మందుల షాపులో పనిచేసే బిడ్డ మనీషా ఫోనులోనే ఒక మనిషిని వెతికి పెట్టింది. పేరు రవీందర్, సిరిసిల్ల నేతింటివాడు. వెనక గదిలో సాంచాలు, అంటే మరమగ్గాలు, దడదడ ఆడుతుంటే వాటిమీదుగా అరిచి పాఠం చెప్తాడు. బరువులకి బదులు నీళ్లు నింపిన బిందెలు ఎత్తుతాడు. ఈ మనిషి మనవాడేనని మల్లేశానికి అక్కడే గురి కుదిరింది.

రవీందర్ ముందు వ్యాయామం ఊసే ఎత్తలేదు. మూడు రోజులు ఏం తింటున్నాడో చెప్పమన్నాడు. పొద్దున చాయ, మధ్యాహ్నం కుప్పగా అన్నం, అందులో నీళ్లలాంటి పులుసు, సాయంత్రం కల్లు.

"కల్లు తాగితే తాగు కాకా, గని దాన్ని బువ్వ అనుకోకు," అన్నాడు రవీందర్.

అన్నం మానక్కర్లేదు, ఒక పిడికెడు తగ్గిస్తే చాలు. పప్పు గట్టిగా వండుకోవాలి, పొద్దున రెండు గుడ్లు, నానబెట్టిన పెసర్లు, రాత్రి పెరుగు. అన్నీ ఇంట్లో ఉన్నవే కావడంతో శోభ ఆ పూటనుంచే అతని పక్షం చేరిపోయింది.

తరువాత కుర్చీ పాఠం. కుర్చీలోంచి లేవడం, మళ్లీ కూర్చోవడం. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా మూడు లెక్కపెడుతూ దిగాలి, కాలికి బలం దిగేటప్పుడే వస్తుందని చెప్పాడు. చెట్టు దిగుతూ పడ్డ మల్లేశానికి ఆ మాట సూటిగా తగిలింది. వారం తిరిగాక ఫోనుకి వాయిస్ మెసేజీలో రవీందర్ గొంతు వచ్చింది: "రేపటి సంది మూడు సెట్లు చెయ్యి కాకా. ఒక్కో సెట్టుకు ఎనిమిది. మధ్యల రెండు నిమిషాలు ఆగు."

ఇక్కడే వచ్చింది తంటా. మల్లేశం ఊళ్లో చెట్టుని సెట్టనే అంటారు. సారు చెట్లెక్కడానికి సెలవిచ్చాడని మనిషి ఉబ్బిపోయాడు. తెల్లారి నడుముకి మోకు తాడు కట్టి, చెట్టుకి ఎనిమిదిసార్లు మోకుని పైకి జరిపి, అంతే జాగ్రత్తగా మూడు లెక్కపెడుతూ దిగాడు. రెండు నిమిషాలు ఆగి రెండో చెట్టు, మళ్లీ ఆగి మూడోది. మూడు సెట్లు అయినయి సారూ అని గొంతు పంపితే, అవతలినుంచి శభాష్ అని వచ్చేది. వచ్చే వారం పది, ఆపై వారం పన్నెండు. కుర్చీ పాటికి కుర్చీ నడుస్తూనే ఉంది.

నెలన్నర తరువాత రవీందర్ వీడియో అడిగాడు. ఆదివారం ఇంటికొచ్చిన మనీషా తీసి పంపింది. నిమిషంలో ఫోను మోగింది.

"కాకా, ఇదేంది! కుర్చీల కూసొని లేసే సెట్లు చెప్తే నువ్వు తాటి సెట్లెక్కినవా?"

మనీషా నవ్వు ఆపుకోలేక నేలమీద కూలబడింది. రవీందర్ మాత్రం నవ్వలేదు. ఎక్కేటప్పుడు కింద ఎవరైనా ఉన్నారా, ఎక్కడైనా నొప్పి ఉందా అని గుచ్చి గుచ్చి అడిగాడు. రెండు వారాలు చెట్టు ముట్టొద్దన్నాడు. రెండు చేతుల్లో నీళ్ల క్యాన్లు పట్టుకుని నడవమన్నాడు, వారానికి రెండు రోజులు ఖాళీగా కూర్చోమన్నాడు. ఆ తరువాతే, సెట్టంటే ఏమిటో విప్పి చెప్పకపోవడం తన తప్పని ఒప్పుకున్నాడు. నొప్పి వచ్చాక ఆగేవాడు మళ్లీ మంచం ఎక్కుతాడు, నొయ్యకముందే ఆగాలి, కొంచెం కొంచెమే పెంచాలి అని నాలుగుసార్లు చెప్పి ఫోను పెట్టేశాడు. ఎన్నడూ ఎవరి మాటా వినని మల్లేశం ఆ రెండు వారాలూ నిజంగానే చెట్టు ముట్టలేదు. శోభకి అదే పెద్ద వింత.

వంతుల రోజు సంఘమంతా వచ్చింది. మల్లేశం తాను పడ్డ చెట్టునే పట్టుకున్నాడు. ఎక్కడం గురించి ఎవరికీ బెంగ లేదు, దిగడం గురించే. శోభ అటు తిరిగి నిలబడింది. పైన మట్టల్లో కూర్చుని ఊరంతా చూశాడు మల్లేశం. ఏడాదిగా లేని సంతోషం గుండెల్నిండా పట్టింది. తొందరపడకుండా దిగాడు. జారిన చోటుకి రాగానే ఆగి, మోకు సర్దుకుని అక్కడా నెమ్మదిగానే దిగాడు. కాలు నేలకి ఆనాక శోభ కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది.

రాజం పుస్తకం తెరిచి ముప్పై చెట్లూ మల్లేశానివేనన్నాడు. కుమార్ తల ఊపాడు, పాపం ముఖం మాత్రం చిన్నబోయింది.

"ఇరవై రాయి రాజన్నా. పది కుమార్‌కే ఉండనియ్యి. వచ్చే ఏడు అడుగుత," అన్నాడు మల్లేశం.

చేతికొచ్చిన చెట్టుని వదులుకున్న గౌడుని రాజం తన జన్మలో చూడలేదు. కలం ఆపి తేరిపార చూశాడు.

"ఏంరా, కాళ్లు నొస్తున్నయా?"

"లేదన్నా. నొయ్యకముందే ఆగుతున్న."