బస్సులో తాగని నీళ్ళు

మధ్యాహ్నం రెండూ నలభైకి బస్సు రావులపాలెం దాటి కాలవ గట్టున ఆగింది. రోజూ అక్కడే ఆగేది. డ్రైవరు, కండక్టరు టీకి దిగారు. మగవాళ్ళు తుమ్మచెట్ల చాటుకి వెళ్ళారు. ఆడవాళ్ళం ఎక్కడి వాళ్ళం అక్కడే కూర్చున్నాం.

అక్క మాత్ర వేసుకోవలసిన వేళ అదే. తొడలో గడ్డకి రాజమండ్రిలో ఐదు రోజుల కీమో, ఆ రోజు చివరిది. పొద్దున్నే వెళ్ళి, మందు ఎక్కించుకుని, సాయంత్రానికి అమలాపురం వచ్చేసేవాళ్ళం. ఆ వారం చెరువుల్లో రొయ్యలు పడుతున్నారని బావగారు కారు అక్కడే ఉంచుకున్నారు.

మాత్ర గురించి నర్సు మొదటిరోజే చెప్పింది. "ఈ కీమో మూత్రసంచిని లోపల కాల్చేస్తదమ్మా. ఈ మెస్నా మాత్ర దానికి అడ్డం. సెలైన్ తీసిన రెండు గంటల తరవాత ఒకటి, ఆరు గంటల తరవాత ఇంకొకటి వేసుకోవాలి. నీళ్ళు బాగా తాగాలి. వస్తే ఆపుకోకూడదు."

మా ఇంట్లో ఆడవాళ్ళు ప్రయాణమంటే ముందురోజు రాత్రి నుంచే నీళ్ళు మానేస్తారు. మాకు అమ్మ నేర్పింది. అమ్మకి వాళ్ళమ్మ.

మొదటిరోజు అక్క నర్సు చెప్పినట్టే తాగింది. ఇదే గట్టు మీద కండక్టరుతో అన్నాను, ఒంటికి వెళ్ళాలి, ముందు ఎక్కడైనా బాత్రూం ఉన్నచోట రెండు నిమిషాలు ఆపమని.

"ఇదేమన్నా మీ సొంత కారాండీ? ఇంటిదగ్గర చూసుకుని ఎక్కాలి గదా."

వెనక సీట్లోంచి ఎవరో, "గోదారంతా తాగేసి ఎక్కినట్టున్నారండి," అన్నాడు. బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వాడు. అక్క తలకి కట్టుకున్న గుడ్డని నుదుటి మీదికి లాక్కుంది. అమలాపురం దాకా పళ్ళు బిగబట్టి కూర్చుంది. దిగాక, "నా పరువు తీశావే," అంది.

రెండోరోజు నుంచి తాగడం మానేసింది. చెబితే, "మాత్ర ఉందిగా, అదే చూసుకుంటుందిలే," అనేది.

ఐదోరోజు మాత్ర చేతిలో పెట్టి సీసా ఇచ్చాను. పెదవులు తడుపుకుని వెనక్కి ఇచ్చేసింది. సీసాలో నీళ్ళు అలాగే ఉన్నాయి.

"తాగక్కా."

"తాగుతాను. బస్సాపమని మళ్ళీ అడుగుతావా మరి?"

నాకు చదివే అలవాటుంది. ఆ మందు పెట్టెలోని కాగితం చివరిదాకా చదివాను. తాగకపోతే ఏమవుతుందో ఆ బస్సులో నాకొక్కదానికే తెలుసు. కిటికీలోంచి బయటికి చూశాను. కండక్టరు ఎక్కి విజిల్ వేశాడు.

మర్నాడు పొద్దున్న అక్క బాత్రూంలోంచి పిలిచింది. నేల మీద మాంసం కడిగిన నీళ్ళ రంగు. మధ్యాహ్నానికి నెత్తురు గడ్డలు పడ్డాయి.

ఆసుపత్రిలో గొట్టం వేసి రెండు రోజులు మూత్రసంచి కడిగారు. కడిగినప్పుడల్లా అక్క మంచం ఊచ పట్టుకునేది. డాక్టరు నన్ను అడిగాడు.

"మాత్రలు వేళకి వేశారా?"

"వేశానండి."

"నీళ్ళు?"

అక్క వైపు చూశాను.

"పక్కనే కూర్చున్నావు గదమ్మా, ఏం చేస్తున్నావు?" అన్నారు బావగారు.

"దాన్నేం అనకండి. అది తాగమంటూనే ఉంది, నేను తాగుతూనే ఉన్నాను," అంది అక్క. ఆయన బయటికి వెళ్ళాక నాతో, "బస్సాపమని అడగలేకపోయావు గదా," అంది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నీళ్ళు తాగినా కొందరికి ఇలా అవుతుందన్నాడు డాక్టరు. నా మొహం చూసి అన్నాడేమో తెలియదు. తరవాత తీసిన స్కాన్‌లో తొడలో గడ్డ సగానికి తగ్గిందని కూడా ఆయనే చెప్పాడు. మిగతా మందులు అంతకుముందే వాడి చూశారు, అవి పనిచెయ్యలేదు. ఇదొక్కటే పనిచేసింది.

ఆ కీమో అక్కకి మళ్ళీ ఇవ్వలేదు.