నిండు బండి కొలత

మాకున్నది ఒక్కటే కారు. రెండు తలుపులు, పెద్ద ఇంజను, వెనక చక్రాల బలంతో నడిచే రకం. వారంలో ఐదు రోజులు మా ఊరు ఏజాక్స్ నుంచి నగరంలో నార్త్ యార్క్‌లోని ఆఫీసుకు అందులోనే వెళ్తాను. వేసవి శనివారాల్లో దాన్నే డ్రాగ్ స్ట్రిప్‌కు తీసుకెళ్తాను. అక్కడ పావు మైలు తిన్నని దారి మీద రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. పచ్చ లైటు వెలిగాక చివరికి ఎవరు ముందు చేరితే వాళ్ళు గెలిచినట్టు. ఆదివారం అదే కారులో మా ఆయన, మా అత్తయ్యగారు, దారిలో ఎక్కే ఒక ఆంటీ, నేను చర్చికి వెళ్తాం. నలభై మూడేళ్ళ ఆడదానికి ఇదేం సరదా అని అడిగినవాళ్ళకు నేను చెప్పిన జవాబులు ఇక్కడ రాయను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

మా ఆయన షరతు ఒక్కటే. శనివారం ఏం చేసినా సరే, ఆదివారం ఆ కారు అందర్నీ క్షేమంగా చర్చికి చేర్చాలి. న్యాయమైన షరతే, కాదనలేదు.

పోయిన వేసవిలో టైర్ల గొడవ మొదలైంది. లైటు పడగానే నా వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి పొగ కక్కేవి, పక్క కారు వెళ్ళిపోయేది. దగ్గర్లోని ఒషావా ఊళ్ళో టైర్ల షాపు నడిపే ఒక పెద్దాయన కారణం ఓపికగా చెప్పారు. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. నా రిమ్ములు మరీ పెద్దవి, వాటి చుట్టూ టైరు సన్నటి పట్టీలా ఉంది, చూపుకు బాగుంటుందే గానీ నేలను పట్టుకోదు అన్నారు. రిమ్ము చిన్నదై టైరు ఎత్తుగా, మెత్తగా ఉంటే బయల్దేరేటప్పుడు కాస్త నలిగి నేలను కరుచుకుంటుందట. గాడులు లేని నున్నటి రేసు టైర్లతో రోడ్డెక్కకూడదు కాబట్టి, కొద్దిపాటి గాడులుండి రెండు చోట్లా నడిచేవి వెనకకు, మామూలువి ముందుకు వేసుకోమన్నారు. ఎంత వెడల్పు పడుతుందో కొలుచుకుని రమ్మన్నారు.

కొలిచాను. టేపు పట్టుకుని ఐదు నిమిషాల్లో ముగించాను. షాపులో ఉన్నవాటిల్లో అన్నిటికన్నా వెడల్పైనవి కావాలన్నాను. సరిగ్గా కొలిచావా అని ఆయన రెండుసార్లు అడిగారు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడమే నా ఉద్యోగమని, నాకు చెప్పక్కర్లేదని చెప్పి వాటినే వేయించుకున్నాను. అప్పటికి నా కళ్ళు నెత్తి మీదున్నాయి.

ఆ ఆదివారం అత్తయ్యగారు, ఆంటీ వెనక సీట్లో కూర్చున్నారు. రైలు పట్టాలు దాటుతుంటే కారు ఒక్కసారి కుంగి లేచింది. వెనక నుంచి బరబరా చప్పుడు, కాలిన రబ్బరు వాసన. ఆంటీ ప్రార్థన మొదలుపెట్టారు. దిగి చూస్తే మడ్‌గార్డు అంచు తగిలి టైరు పక్కన లోతుగా కోసుకుపోయింది. ఇంకాస్త వేగంగా వెళ్ళుంటే టైరు పేలిపోయేదే.

మా ఆయన స్పేరు చక్రం బిగించి అందర్నీ ఇంటికి చేర్చారు. సోమవారం ఒక్క మాటన్నారు.

"ఆ చక్రం మీద కూర్చున్నది మా అమ్మ. ఇంక వద్దు, అమ్మేద్దాం."

వచ్చే ఆదివారం మధ్యాహ్నం కారు చూసుకోడానికి ఎవరినో రమ్మని కూడా చెప్పేశారు. నేను అరిచాను. తప్పు నాదేనని తెలిసి మరీ అరిచాను. తర్వాత గరాజులోకి వెళ్ళి ఏడ్చాను.

అత్తయ్యగారు నా వెనకే వచ్చారు. చీరాలలో ఒకప్పుడు వీధి మొత్తానికీ జాకెట్లు కుట్టిన మనిషి. నా పెళ్ళికి చాలా ముందే ఆ పని మానేశారని విన్నాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు. ఎలా కొలిచావో చూపించమన్నారు. ఖాళీ కారు పక్కన టేపు పెట్టి చూపించాను.

"జాకెట్టు కొలతలు చేతులు దించుకుని నిలబడితే చాలా అమ్మాయ్? చెయ్యెత్తితే చంకలో పట్టేస్తదో లేదో చూడొద్దూ?"

ఆ తర్వాత గంటసేపు ఆవిడ చెప్పడం, నేను చెయ్యడం. డిక్కీలో బియ్యం బస్తాలు, నీళ్ళ క్యాన్లు సర్దించారు. ఆవిడ వెనక సీట్లో కూర్చుని నన్ను కొలవమన్నారు, మళ్ళీ నన్ను కూర్చోబెట్టి తను కొలిచారు. రేసులో బయల్దేరేటప్పుడు వెనక భాగం ఇలాగే కుంగుతుందా అని అడిగారు. అవునన్నాను. అట్టపెట్టె విప్పి టైరు ఆకారం కత్తిరించి మడ్‌గార్డు కిందకి దూర్చారు. చిటికెన వేలికి కూడా సందు లేదు. అట్టను అంచు వెంట సన్నగా కత్తిరిస్తూ, రెండు వేళ్ళు పట్టేదాకా వదల్లేదు. చివరికి కవరు వెనక పెన్సిల్‌తో రాశారు. టైరు వెడల్పు అంగుళం తగ్గాలి, రిమ్ము అరంగుళం లోపలికి కూర్చోవాలి.

ఆ కవరూ అట్టా తీసుకుని ఒషావా వెళ్ళాను. పెద్దాయన అట్టను తిప్పి తిప్పి చూసి, ఎవరు కొలిచారని అడిగారు. మా అత్తగారని చెప్పాను. వెంటనే రిమ్ములు మార్చి, సన్నపాటి టైర్లు వేశారు. వీటికి చలి పడదని, వానలో మెల్లగా వెళ్ళాలని, మంచుకాలంలో పాత రిమ్ముల మీద వింటర్ టైర్లే వాడాలని చెప్పి పంపారు. ఈసారి బుద్ధిగా తలూపాను.

శనివారం పచ్చ లైటు పడగానే కారు పొగ లేకుండా, నన్ను సీటుకు అదిమి ముందుకు దూకింది. నేను గెలవలేదు. అయినా ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉన్నాను.

ఆదివారం వాన. అత్తయ్యగారు, ఆంటీ వెనకే కూర్చున్నారు. పట్టాల దగ్గర నెమ్మదిగా పోనిచ్చాను. మా ఆయన చెవి వెనక్కి పెట్టి వింటున్నారు. కారు కుంగింది, లేచింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. టైరు ఇక ఎక్కడా తగలదని ఆయనకు తెలిసిపోయింది.

చర్చి నుంచి వచ్చేసరికి కొనే మనిషి మా ఇంటి ముందు తన కారులో ఎదురుచూస్తున్నాడు. మా ఆయన నా వైపు, అతని వైపు చూసి, మాటిచ్చాను కదా అని గొణిగారు. అప్పుడు అత్తయ్యగారు వెనక సీట్లోంచే అన్నారు.

"నా మిషను అమ్మేసిన రోజు నన్నెవరూ అడగలేదురా. అప్పుడు నువ్వు చిన్నోడివి, ఏం చెయ్యగలవు? ఇప్పుడు పెద్దోడివేగా."

మా ఆయన గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి దిగి, అతనికి క్షమాపణ చెప్పి పంపేశారు.

ఆవిడ కుట్టడం తనంతట తానే మానేశారని ఇన్నేళ్ళూ నమ్మాను. ఒక్కసారైనా అడగలేదు. ఆ మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ, ఏం మిషను అత్తయ్యా అది అని అడిగాను. ఆవిడ చాలాసేపు చెప్పారు. మా ఆయన తినడం ఆపి విన్నారు.