బండికి ఇద్దరే

మా తోడికోడలు పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను ఉదయం ప్రార్థనలో ఉన్నాను. విన్నవాళ్ళందరూ ముందు అడిగింది ఒకటే, "బండి మీదా?" అని. కాదు. ఇంట్లోనే, కుర్చీలో, గుండెపోటుతో. పాస్టరుగారూ, జ్ఞాపకార్థ కూడికలో మీరు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచి ఒక వాక్యం చదివి కూర్చున్నాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ఆమె మా బావగారి భార్య. నేను అక్కా అనేదాన్ని. గన్నవరంలో పక్కపక్క వాటాల్లో ఉండేవాళ్ళం. ఆదివారం విజయవాడ చర్చికి ఆమె స్కూటర్ మీద వెళ్ళేది. వెనక సీటు మా అమ్మాయిది. నేను బస్సులో.

"ముగ్గురం సర్దుకోలేమా అక్కా? ఊరంతా అలాగే పోతంది గదా" అన్నాను ఒకసారి.

"బండికి ఇద్దరే చెల్లాయ్. చర్చికి పోయేవాళ్ళకి రూలు లేదా ఏంటి?"

అప్పటికే మా అమ్మాయి హెల్మెట్ పెట్టుకుని ఎక్కి కూర్చుంది. నా వైపు చూడనన్నా లేదు.

వాళ్ళిద్దరికీ ఒక ఆట. హైవే మీద బోర్డు వస్తే తెలుగు వరస అక్క చదివేది, కింద ఇంగ్లీషు వరస మా అమ్మాయి. పిల్లకి బడి కంటే ముందు ఆ బోర్డులే ఇంగ్లీషు నేర్పాయి. నేను నేర్పిన బైబిలు వాక్యాలు మాత్రం వారం తిరక్కుండా మరిచిపోయేది.

రోడ్డు ఖాళీగా ఉన్నా అక్క ఎర్ర లైటుకి ఆగేది. వెనక హారన్లు కొడితే, "పైకి పోడానికి ఏం తొందర బాబూ" అనేది. ఆగిన ప్రతిసారీ ఎడం చెయ్యి వెనక్కి చాచి, పిల్ల గడ్డం కింద బెల్టు తడిమి చూసేది. అది నేను బస్సు కిటికీలోంచి ఎన్నోసార్లు చూశాను. ఇన్నేళ్ళలో నా బిడ్డకి చిన్న గీత పడలేదంటే అది ఆమె చలవే. అయినా ఆ చెయ్యి నాది కాలేదే అని ఇప్పటికీ కుళ్ళుకుంటున్నాను. ప్రభువుకి చెప్పుకున్నా పోలేదు. లైసెన్సు వచ్చిన రోజు మా అమ్మాయి మొదట ఎక్కించుకుంది కూడా పెద్దమ్మనే.

మొన్న ఆదివారం మా అమ్మాయి, "ఎక్కమ్మా" అంది. పెద్దమ్మ హెల్మెట్ నాకిచ్చింది. బోర్డు రాగానే తెలుగు వరస పైకి చదివి ఊరుకుంది. నా వంతని తెలిసేలోపే బోర్డు దాటిపోయింది.

"పెద్దమ్మైతే..." అని ఆగిపోయింది.

ఊళ్ళోకి వస్తుండగా ఎర్ర లైటు పడింది. బండి ఆపి, ముందుకే చూస్తూ, ఎడం చెయ్యి వెనక్కి చాచింది.

ఈ కాగితాలు మీ దగ్గరే దాచండి. మా అమ్మాయికి మాత్రం చూపించకండి. లైటు పచ్చగా మారినా దాని వేళ్ళు నా గడ్డం కింద బెల్టు మీదే ఉన్నాయి.