నా చేతిరాతలోని రాక్షసి

ఇన్నేళ్లుగా ఒక కాగితం నా మీద బరువుగా ఉంది. అది నా దగ్గర లేదు. ఈపాటికి ఎక్కడో చిరిగిపోయి ఉంటుంది. నా భార్యకు దాని సంగతి తెలియదు. ప్రార్థనలో మోకరించినప్పుడు కూడా చెప్పలేదు, దేవుడికి తెలియనిదా అని తప్పించుకున్నాను. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అరకు దగ్గర ఒక మిషన్ బడిలో మాస్టారుగా ఉండేవాణ్ణి. విశాఖలో చదివినప్పుడు హాస్టల్లో ఒక ఆట పట్టుబడింది. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్లు వేటగాళ్లు. ఏం చేస్తారో వాళ్లు చెబితే, అది ఫలించిందో లేదో పాచిక తేలుస్తుంది. ఆ ఆట పుస్తకం జిరాక్స్ ప్రతి ఒకటి నాతో కొండకు తెచ్చుకున్నాను. ఆదివారం ప్రార్థన అయ్యాక, మధ్యాహ్నం పూట, బడి వెనక షెడ్డులో ముగ్గురం కూర్చునేవాళ్లం: నేను, జీపు తోలే డేవిడు, కాఫీ నర్సరీలో పనిచేసే సోమన్న.

మొదట్లో ఆట అస్సలు సాగలేదు. పుస్తకం నిండా కోటలు, కత్తులు, మంటలు కక్కే పాములు. డేవిడు ఆవలించేవాడు. నాకు ఒళ్లు మండేది. ఒకరోజు పుస్తకం అవతల పడేసి, రాక్షసుల్ని అరకులోకి దించాను. కిరండోల్ రైలు సొరంగంలో ఒకటి. శుక్రవారం సంతలో మనిషి వేషంలో ఒకటి. వేటగాళ్లకు కత్తుల బదులు టార్చిలైటు, సర్వీసు జీపు, సిగ్నలు అందని ఫోను. ఆ రోజునుంచి వాళ్లిద్దరూ ఆదివారం కోసం ఎదురుచూశారు.

తర్వాతి వేటకు ఒక గుహ కావాలి. నేను గుహ బదులు ఒక ఇల్లు పెట్టాను. ఉన్న ఇల్లే. సోమన్న వాళ్ల ఊరి పైన, కాఫీ మొక్కల మధ్య ఒంటరిగా ఉండే ముసలామెది. ఆమెను సుక్రమ్మ అందాం. ఎడమ కంట్లో పువ్వు. ఇంటి చూరుకు వేళ్లు, ఆకులు కట్టి ఎండబెట్టుకునేది. ఆ ఇంటికి దారి, ఆమె కన్ను, చూరు, అన్నీ గీసి, కింద రాశాను: ఈమె చూపు పడిన పిల్లకు మూడు రోజులు జ్వరం, తర్వాత చావు.

ఆమే ఎందుకు? ఆట రక్తి కట్టాలని, అని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. అంతకు వారం ముందు మా బడి పిల్లలు ఆమె చోడి చేను తొక్కేశారని, వాళ్ల ముందే నన్ను నిలబెట్టి చెడామడా తిట్టింది. ఆ ఉక్రోషం తీర్చుకున్నాను. అంతే.

ఇంకొకటి చెప్పాలి. ఆ చుట్టుపక్కల ఊళ్లలో రేషను కార్డుకైనా, పింఛనుకైనా, పోడు భూమి పట్టాకైనా అర్జీ రాసేది నేనే. తెల్ల కాగితం, ఎర్ర మార్జిను, నీలం సిరా. చదవడం రానివాళ్లు కూడా ఆ కాగితాన్ని గుర్తుపట్టేవారు. నా రాత అంటే ఆఫీసుకు వెళ్లే రాత. ఈ రాక్షసిని కూడా ఆ కాగితం మీదే, ఆ సిరాతోనే రాశాను. చేతికి అదే అలవాటు.

సోమన్న దాన్ని ఇంటికి తీసుకెళ్లి, చూరులో దోపి, నర్సరీ పని మీద కొయ్యూరు పోయాడు. ఆ వారమే వాళ్ల అన్న కూతురికి జ్వరం వచ్చింది. కాగితం బయటపడింది. బడికి పోయే పిల్ల ఎవరో చదివి వినిపించిందట. మర్నాడు పొద్దున్నే ఊరిపెద్ద దాన్ని పట్టుకుని బడికి వచ్చాడు. నా పక్కనే బడి నడిపే పాస్టరుగారు ఉన్నారు. పాచికలాడే మాస్టారు నా బడిలో ఉండడని ఆయన అంతకు ముందే అందరి ఎదుటా అని ఉన్నారు.

"ఈ రాత తమదేనేటి మేస్టారూ?"

"నాదే."

"ఆ గుంటకి మూడు దినాల బట్టి జొరం. అయితే ఆ ముసల్దాని చిల్లంగి సంగతి తమకీ ఎరికేనన్నమాట."

ఆట అని ఒక్క మాట అంటే సరిపోయేది. పాస్టరుగారు నా వైపు చూశారు. నేను ఉద్యోగం గురించి ఆలోచించాను. గంట కొట్టే వేళైందని తరగతిలోకి వెళ్లిపోయాను.

ఆ సాయంత్రమే సుక్రమ్మ ఇంటి కప్పు పీకేశారు. చేతబడి చేసేదని ఊరి నుంచి తరిమేశారు. ఆ పిల్లకు వచ్చింది మలేరియా. మాత్రలతో తగ్గింది. కానీ ఆమెను వెనక్కి పిలిచినవాళ్లు లేరు. సోమన్న తిరిగొచ్చాక షెడ్డు వైపు రాలేదు, నాతో మాట్లాడలేదు. నా గుట్టు కూడా విప్పలేదు. అతను విప్పి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను. చూడండి, నేను చేయాల్సిన పని కూడా అతని నెత్తినే పెడుతున్నాను.

నాలుగేళ్లకు సుక్రమ్మ సంతలో కొండచీపుర్లు అమ్ముతూ కనిపించింది. తప్పుకుపోదామనుకున్నాను. ఆమే పిలిచింది.

"మేస్టారూ, నా ఇల్లు నాకు ఇప్పించమని ఓ కాయితం రాయండి బాబూ. తమరి రాతయితే ఆపీసోళ్లు నమ్ముతారు."

"ఎవరు వెళ్లగొట్టారని రాయమంటావమ్మా?"

"ఏటో, ఎవడో కాయితం సూపించాడంట. అదెవరు రాసారో నాకేటి తెలుసు?"

టీ కొట్టు బల్ల మీద కూర్చుని రాశాను. ఎర్ర మార్జిను, నీలం సిరా. కొందరు గ్రామస్థులు అని రాశాను. దాని కింద ఆమె వేలిముద్ర వేసింది. ఊరికే రాయించుకోనని రెండు చీపుర్లు చేతిలో పెట్టింది. తీసుకున్నాను. ఎలా తీసుకున్నానో నాకే అర్థం కాదు.

ఆ అర్జీకి జవాబు రాలేదు. ఆమె పోయిందని ఈమధ్యే విన్నాను.

ఆ అర్జీలో రాయనిది ఇక్కడ రాస్తున్నాను. సుక్రమ్మను వెళ్లగొట్టిన కాగితం నేను రాశాను. అందులోదంతా నా కల్పన. నా తప్పు దాచిన అర్జీ మీద ఆమె వేలిముద్ర వేయించుకున్నదీ నేనే. క్షమించమని అడగడానికి ఆమె లేదు, మిమ్మల్ని అడగను. ఇన్నాళ్లకు నా రాతలో ఆమె గురించి ఒక నిజం పడింది. ఈ పూటకు నాకు అది చాలు. ఆమెకు అది ఎందుకూ పనికిరాదు.