మా మండలంలో చూడదగిన రాళ్లగుట్ట

ఆ రోజుల్లో కంప్యూటర్‌లో టైపు చేసి ప్రింటు తీస్తే ఏ మాటైనా నిజమైపోతుందని నాకో గట్టి నమ్మకం ఉండేది. మార్కాపురానికీ గిద్దలూరుకూ మధ్యలో ఉన్న మా మండలాఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరి అప్పటికి పది నెలలు. కాంట్రాక్టు ఉద్యోగం. సంవత్సరం నిండాక పొడిగించాలంటే మా సారు సంతకం పెట్టాలి, పెట్టకపోతే నేను మళ్లీ అమ్మ వెంట మిరపకాయల కోతకు పోవాలి (అమ్మ నా టోపీ, సంచీ పారెయ్యకుండా దాచే ఉంచింది, ముందుచూపు గల మనిషి). ఆఫీసులో అందరూ ఆయన్ను చాటుగా ఖాళీల సారు అనేవారు. ఏ ఫారంలోనైనా ఒక్క గడి ఖాళీగా కనబడితే ఆయనకు అన్నం సహించేది కాదు.

జిల్లా గురించి పుస్తకం వేస్తున్నామని, మండలం వివరాలు పంపమని ఒంగోలు నుంచి ఒక ఫారం వచ్చింది. భౌగోళికం సులువుగానే నిండింది: పడమట నల్లమల, ఎర్రనేలలు, కంది, మిరప, వాన పడితే పంట. చరిత్ర దగ్గర, ఒకప్పుడు మేమంతా కర్నూలు జిల్లా వాళ్లమని రాశాను (మా జేజమ్మ అయితే చివరిదాకా ఒంగోలును పరాయి ఊరుగానే చూసింది). ఇక మిగిలింది చూడదగిన ప్రదేశాలు. మార్కాపురానికి పలకలున్నాయి, కంభానికి చెరువుంది, మాకేముందో తెలియక ఆ గడి వదిలేశాను. సారు చూడనే చూశారు. “ఖాళీ ఉంచబాకు పాపా. ఏదో ఒకటి ఉంటాది, కనుక్కో,” అన్నారు.

మా మేనత్తది ఆ మండలంలోనే ఒక పల్లె. ఫోన్ చేసి, మీ ఊళ్లో చూసేదానికి ఏముంది అని అడిగాను. “ఏముందే, రాళ్లగుట్ట ఉంది,” అని విసుక్కుని, గొడ్లకు నీళ్లు పెట్టాలంటూ ఫోన్ పెట్టేసింది. ఏమీ లేదని ఆమె ఉద్దేశం. ఆ గుట్ట నాకూ తెలుసు, అత్త వాళ్ల చేను గట్టున రెండు నిలువుల ఎత్తున పడి ఉన్న రాళ్ల కుప్ప. అయినా వేళ్లు ఆగలేదు. ‘రాళ్లగుట్ట: ప్రాచీన రాతి కట్టడం. పూర్వీకుల నిర్మాణ నైపుణ్యానికి నిదర్శనం’ అని టైపు కొట్టేశాను. ప్రింటు తీసి చూసుకుంటే నాకే ఒకసారి వెళ్లి చూడాలనిపించింది.

పది రోజులకు ఆ పుస్తకం పని చూసే మేడం ఒంగోలు నుంచి జీపులో దిగారు, ప్రాచీన కట్టడం చూడాలని. సారు ఉబ్బితబ్బిబ్బయి, దారి చూపడానికి నన్నూ ఎక్కించుకున్నారు. దారి పొడవునా నాకు మిరపచేలు తప్ప వేరే ఏదీ కనబడలేదు. ఆ ఎర్రటి కాయలన్నీ నా కోసమే కాచుకుని ఉన్నట్టు అనిపించింది.

అత్త చేన్లోనే ఉంది. మేడం గుట్టను కింది నుంచి పైదాకా చూసి, “దీన్ని ఎవరు కట్టారమ్మా?” అని అడిగారు.

“కట్టేదేంది తల్లీ. చేన్లో రాళ్లు ఏరి పోసినాం,” అంది అత్త.

సారు నా వైపు చూశారు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

“ఎప్పటి నుంచి?”

“మా అత్త పోసింది. ఆమెకు ముందర వాళ్లత్త పోసిందంట. నేను కాపరానికి వచ్చినప్పుడు ఇంతే ఉన్నింది,” అని అత్త తన భుజం దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. “అప్పుడు ఈ చేన్లో నాగలి దిగేది కాదమ్మా. దున్నిన ప్రతిసారీ రాళ్లే. ఏరినాం, పోసినాం. ఇప్పుడు కంది ఎట్ల వచ్చిందో చూడు.”

మేడం గుట్ట ఎక్కబోయారు. అత్త ఆపింది. “ఊరికే ఎక్కబాకు తల్లీ. చేన్లో ఒక రాయి ఏరుకొని పో. మా ఇంట్లో చిన్నబిడ్డలకైనా అంతే.” ముగ్గురం వంగి రాళ్లు వెతికాం. సారు ఒకటి తెస్తే అత్త చూసి, “అది గులకరాయి సారూ, ఇంకొంచెం పెద్దది చూడు,” అని వెనక్కి పంపింది. మండలానికి పెద్ద అధికారి మళ్లీ చేన్లోకి దిగాడు.

పైన రాళ్లు పెట్టి నిలబడితే గాలి చల్లగా ఉంది. దూరంగా నల్లమల, కింద దాదాపు రాయన్నది లేని ఎర్రనేలలో ఏపుగా నిలబడిన కందిచేను. నాకు సిగ్గేసింది. ఇంత పని చేసిన మనుషులకు పూర్వీకులు, నైపుణ్యం అనే పెద్ద మాటలు తగిలించాను కదా అని.

“కట్టడం అని రాసిందెవరు?” అన్నారు మేడం.

“నేనే మేడం,” అన్నాను.

“తప్పు రాశావు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి సాయంత్రానికి పంపు. తీసెయ్యొద్దు.”

అట్లాగే పంపాను. కాంట్రాక్టు మీద సంతకం పెడుతూ సారు, “ఈసారి ఖాళీ ఉంటే ఖాళీ అని చెప్పు పాపా. నాకు మోకాళ్ల నొప్పులు,” అన్నారు.

నిరుడు వెళ్లినప్పుడు గుట్ట ఇంకో రెండడుగులు పెరిగి ఉంది. ఎక్కి, ఆనాడు నేను పెట్టిన రాయి కోసం చాలాసేపు వెతికాను. కింద నుంచి అత్త, “ఏం పోగొట్టుకున్నావే?” అని కేకేసింది. ఏమీ లేదత్తా అన్నాను. ఉద్యోగం పోతుందని వణుకుతూ ఎక్కిన ఆ ఇరవై మూడేళ్ల పిల్ల, తన రాయి ఎక్కడ పెట్టిందో కూడా చూసుకోలేదు. పిచ్చి మొద్దు, అనుకుని నవ్వుకుంటూ దిగాను.